ఫొటో బాబాయి పట్టుకున్న చెవి

ఫొటో స్టూడియో బాబాయికి మొహాలు గుర్తుండవు, చెవులు గుర్తుంటాయి. ముప్ఫై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ "రెండు చెవులూ కనబడాలి, జుట్టు వెనక్కి తొయ్యి" అని అరిచీ అరిచీ, మనుషుల్ని చెవులతోనే పోల్చుకునే జబ్బు పట్టుకుంది. సొంత బావమరిది ఎదురొస్తే ఎవడో అనుకుని పక్కకి తప్పుకుని, చెవి చూశాక వెనక్కొచ్చి కావలించుకున్నాడట!

ఓ పొద్దున తలనొప్పి మాత్ర కోసం మందుల షాపుకెళ్తే, గల్లాపెట్టె పక్కన కొత్త డబ్బా కనబడింది. పిల్లల కేన్సర్ పరిశోధనకి విరాళం వెయ్యమని రాసుంది. పైన చిన్న పాప ఫొటో. గుండు, కనుబొమలు కూడా లేవు. బాబాయి నోటు మడిచి వెయ్యబోయి టక్కున ఆగిపోయాడు. పాప ఎడమ చెవి పైఅంచు, పుస్తకంలో పేజీ మడిచినట్టు లోపలికి ముడుచుకుంది.

ఆ చెవి వీధిలో లాండ్రీ నడిపే అమ్మాయి కూతురిది! ఎనిమిదేళ్ల పిల్ల, కిందటి నెలే బడి కార్డుకి ఫొటో తీశాడు. రెండు జడలు ఎగరేస్తూ స్టూడియో మెట్ల మీద తాడాట ఆడి వీధి దద్దరిల్లగొట్టే పిల్లకి కేన్సరా?

"ఈ డబ్బా ఎవరు పెట్టారు?"

"రిటైరైన టీచరమ్మగారు. ఏం?"

"ఏం లేదులే."

నోటు మళ్లీ జేబులోకి దూరింది. సరాసరి ఇంటికెళ్లి పెళ్లాం చెవిలో ఊదాడు. "లాండ్రీ అమ్మాయి కూతురి ఫొటోకి టీచరమ్మ కంప్యూటర్లో గుండు చేయించిందే! కనుబొమలు కూడా చెరిపేశారు."

"టీచరమ్మా? సుద్దముక్క కూడా బడి దాటించని మనిషండీ!"

"అదే నేననేది. అంత మంచితనం దేనికంట?"

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకి, విరాళాలు నొక్కేస్తోందనడానికి టీచరమ్మ కొత్త కళ్లజోడు కూడా సాక్ష్యమైపోయింది. డబ్బా బల్లకిందకి దిగింది. ఆదివారం ఆ పరిశోధన కోసమే ఆవిడ పెడుతున్న పాత పుస్తకాల అమ్మకానికి పుస్తకాలిస్తామన్నవాళ్లంతా మొహం చాటేశారు.

మూడోరోజు లాండ్రీ అమ్మాయి స్టూడియోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బాబాయ్, ఆ ఫొటో మా పాపదే."

"చెప్పానా! నీకు తెలీకుండా..."

"నేనే ఇచ్చాను. దానికి నాలుగేళ్లప్పటిది, మేం ఈ ఊరు రాకముందు. కనుబొమలు ఎవరూ చెరపలేదు బాబాయ్. మందులకి రాలిపోయాయి."

బాబాయి కుర్చీ ఆమెవైపు జరిపాడు.

"ఇలాంటి పిల్లలకి మంచి మందు దొరకాలని ఆస్పత్రివాళ్లకి ఇచ్చాను. మా అమ్మే పోల్చుకోలేదు, మీరెలా పోల్చారు?"

"చెవి," అన్నాడు బాబాయి.

"ఇప్పుడు దానికేం లేదు. కానీ పాత బడిలో దాని పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఇక్కడా తెలిస్తే తాడాట ఆడనిస్తారా?"

"టీచరమ్మకి తెలుసా?"

"లేదు. డబ్బాలు ఆస్పత్రి నుంచొస్తాయి, ఆవిడ పెడుతుందంతే."

పాప జబ్బు సంగతి ఎత్తకుండా టీచరమ్మ పరువు నిలబెట్టాలి. బాబాయి మందుల షాపుకెళ్లి డబ్బాని పైకి తీయించి, జేబులో నోటు అందులో వేశాడు.

"నేనే పొరబడ్డాను. కళ్లకి శుక్లాలొచ్చాయి."

"మీరా? చెవి విషయంలోనా?" అని మందు కొనడానికొచ్చిన క్షవరం కొట్టాయన కన్ను గీటాడు. "టీచరమ్మ మీ నోరు బాగానే మూయించినట్టుందే!"

ఇలా లాభం లేదనుకుని బాబాయి గుడ్డివేషం మొదలెట్టాడు. పోస్టుమాన్‌ని "ఏవోయ్, పాలెందుకు పల్చబడ్డాయి?" అని నిలదీశాడు. క్షవరం కొట్టాయన్ని "డాక్టరుగారూ" అని పిలిచి నాలిక చాపి చూపించాడు. అయినా పెళ్లాం మాత్రం నమ్మలేదు. పెళ్లినాటి ఫొటో తెచ్చి ముక్కుకి ఆనించింది.

"మీ పక్కనున్నది ఎవరు?"

బాబాయి గుటక మింగాడు.

"ఎవరో తెలీదే. కాస్త లావుగా ఉంది."

ఆ ఏడుపు మూడు వీధులకి వినబడింది! పొద్దున్నే ఆవిడే ఇల్లిల్లూ తిరిగి, మొగుడికి చూపు పోయిందనీ, పాపం టీచరమ్మని అన్యాయంగా ఆడిపోసుకున్నాడనీ ముక్కు చీదుతూ చెప్పొచ్చింది. ఆదివారం టీచరమ్మ బల్ల పుస్తకాల బరువుకి కుంగిపోయింది. పాస్‌పోర్టు ఫొటోలకి మాత్రం జనం ఇప్పుడు పక్కవీధి స్టూడియోకి పోతున్నారు.