తలుపు పక్క బల్ల

ఇంగ్లండులో ఆ పల్లెటూరి చర్చి తలుపు తోయగానే కొవ్వొత్తి మైనమూ చెమ్మగిల్లిన రాయీ కలిసిన వాసన ముఖానికి తగిలింది. ఏడువందల ఏళ్ళనాటి చర్చి. అలవాటుకొద్దీ గుమ్మంలోనే చెప్పులు విప్పబోయాను. గోదావరి జిల్లాలో మా చర్చిలోకి చెప్పులతో వస్తే, ఉపదేశిగా ఉన్న మా నాన్న నలుగురిలోనే కడిగేసేవాడు. ఒక చెప్పు విప్పి ఆగిపోయాను. నన్నింత దూరం రప్పించిన మేట్రన్ హిల్డా గుర్తొచ్చింది. ఇది ఆవిడ పుట్టిన ఊరు. ఆవిడ పోయి చాలాకాలమైంది.

డెబ్బైల్లో, అరబ్బు దేశంలో మత్రా అనే రేవు దగ్గరి ఆసుపత్రిలో ఆవిడ మా మేట్రన్, నేను కొత్త నర్సుని. అక్కడ సెలవూ ఆరాధనా శుక్రవారమే, ఆదివారం డ్యూటీ. అది నాకొక పట్టాన మింగుడు పడలేదు. మా ఊళ్ళో మిషన్ ఆసుపత్రిలో ఆదివారం తొమ్మిదింటికి గంట కొడితే, వార్డుకొకరిని ఉంచి మిగతా నర్సులమంతా వరండాలో ప్రార్థనకు చేరేవాళ్ళం. మత్రాలో గంట లేకపోయినా తొమ్మిదయ్యేసరికి నా కాళ్ళు నిలిచేవి కావు. ఒక ఆదివారం, కొండల్లోంచి వచ్చి అప్పుడే ప్రసవించిన ఒకామెను పావుగంటకోసారి చూడమని నాకు అప్పగించారు. అయిదు నిమిషాలేగా అనుకుని డాబా ఎక్కి, చెప్పులు విప్పి మోకరించాను. ఆ అయిదూ ఇరవై అయ్యాయి.

దిగి వచ్చేసరికి పక్కంతా నెత్తురు. నెత్తురు ఆపడానికి మేట్రన్ ఆమె పొత్తికడుపు అదిమి రుద్దుతోంది. నన్ను చూడగానే ఇంజెక్షన్ తెమ్మంది. ఉత్తకాళ్ళతో పరుగెత్తాను. మధ్యాహ్నానికి ఆమె తేరుకుని బిడ్డకు పాలిచ్చింది. నేను స్టోరు గదిలోకి పోయి ఏడ్చాను.

నా రూమ్‌లో ఉండే నరసాపురం రత్నమ్మక్క ఓదార్చే రకం కాదు.

"ఇంక నిన్ను ఇంటికి పంపేత్తారే పిల్లా. పెట్టి సద్దుకో," అంది.

సర్దుకున్నాను కూడా. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ప్రార్థన చేస్తూ ఒక తల్లిని చంపబోయానే అన్నదే నన్ను తినేసింది.

సాయంత్రం మేట్రన్ పిలిచి, తన టేబుల్ మీది ఫోటో ఒకటి చూపించింది. ఈ చర్చే.

"మా అమ్మ మంత్రసాని. ఇక్కడ తలుపు పక్క బల్లమీదే ఆవిడ కూర్చునేది. కబురొస్తే పాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయేది. అదీ ఆరాధనేనని ఊరంతటికీ తెలుసు," అంది నెమ్మదిగా. ఫోటో మళ్ళీ టేబుల్ మీద పెట్టి, "రేపు ఏడింటికి నీ డ్యూటీ. ఇకమీద వార్డు వదిలేముందు ఎవరికైనా అప్పగించి వెళ్ళు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. రూమ్‌కి వెళ్ళి పెట్టె తెరిస్తే, రత్నమ్మక్క నా చీరలు తీసి మళ్ళీ తాడుమీద వేసింది.

ఆ బల్ల ఇంకా ఉంది. తలుపు వైపు చివర అరిగి నున్నబడింది. విప్పిన చెప్పు తొడుక్కుని అక్కడే కూర్చున్నాను. మా నాన్న చూస్తే ఏమనేవాడో గానీ, నాకు మాత్రం హాయిగా ఉంది. మా ఊళ్ళో కూడా నేను చివరి వరసలో, గుమ్మంలో విడిచిన చెప్పులు కనబడేచోటే కూర్చుంటాను. రిటైరై ఏళ్ళయింది, కబురు పంపేవాళ్ళెవరూ లేరు. అయినా లేవడానికి సిద్ధంగా ఉంటూనే ప్రార్థన చేస్తాను.