రేకు డబ్బాలో ఉప్పు

తొంభైల్లో సిద్దిపేట ఆఫీసులో మాకు కంప్యూటర్ల మీద యూనిక్స్ నేర్పిన సారు దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. దాని నిండా ఒక్కో ఇంగ్లిషు అక్షరం రాసిన అట్టముక్కలు. ఎవరికైనా పాస్‌వర్డు పెట్టాలంటే డబ్బాను చెవి దగ్గర గలగలా ఆడించి, కళ్ళు మూసుకుని రెండు ముక్కలు తీసేవారు. ఆ రెండక్షరాలే ఉప్పు; కంప్యూటరు వాటిని పాస్‌వర్డులో కలిపి, ఎవరూ చదవలేని గజిబిజి లైనుగా మార్చి ఫైల్లో దాచేది. ఉప్పు వేరైతే, ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఫైల్లో వేర్వేరుగా కనిపిస్తుంది.

"మనం ఏరుకుంటే దొంగ గుడ ఏరుకుంటడు" అనేవారు.

ఆయన సెలవు పెట్టిన రోజు ముప్పై మంది పాస్‌వర్డులకు ఉప్పు నేనే పెట్టాను. బద్ధకించి అందరికీ నా పేరులోని రెండక్షరాలే వేశాను.

మర్నాడు సారు వచ్చాక, ఒక గుమస్తా తెర మీద ఆ ఫైలు చూసి ఆయన్ను అడిగాడు. "సారూ, నా లైను, పెద్దసారు లైను ఒక్కతీర్గనే ఉన్నయేంది?"

ఉప్పూ ఒకటే, లైనూ ఒకటే అంటే ఇద్దరి పాస్‌వర్డూ ఒకటే. మా ఆఫీసు అధికారి పెద్దసారు పాస్‌వర్డు అతనికి తెలిసిపోయినట్టే. ఎవరు చేశారని సారు అడగలేదు. రెండు లైన్ల మొదట్లోనూ నా అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. డబ్బాను నా ముందుకు జరిపారు.

"అందరితోని కొత్తవి పెట్టియ్యాలె. ముప్పై మందికీ ఉప్పు తియ్యి. నేను చూస్త."

మొదటి ముక్కే నా పేరు అక్షరం. గబుక్కున తిరిగి డబ్బాలో వేయబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"వచ్చింది వచ్చినట్టే రాయి బిడ్డా. నచ్చంది పారేసినా ఏరుకున్నట్టే."