షరతులు, కోరికలు: పుంగనూరులో నా సింహళం

పుంగనూరులో సింహళం నేర్చుకున్న మొదటి మనిషిని బహుశా నేనే. చివరి మనిషిని కూడా నేనే అయ్యుంటాను. ఇందుకు ఎవరూ నాకు శాలువా కప్పలేదు. కప్పకపోవడమే న్యాయం.

డెబ్బయ్యవ దశకం చివర అక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పిల్లలకు ఇంగ్లీషు రాకపోవడం నన్నెప్పుడూ పెద్దగా బాధపెట్టలేదు. నా బాధంతా నాకు ఇంకా రాని భాషల గురించే. కన్నడ పేపరు చదివేవాణ్ణి, అరవం బోర్డులు కూడబలుక్కునేవాణ్ణి, ఉర్దూ ఒక నెల నేర్చుకుని వదిలేశాను. ఏ భాషలోనూ ఒక మనిషితో పది నిమిషాలు మాట్లాడి ఎరుగను. వ్యాకరణం మాత్రం అన్నిట్లోనూ కొంచెం కొంచెం తెలుసు. దీన్ని నేను పాండిత్యం అనుకునేవాణ్ణి. మా ఆవిడ వేరే పేరేదో పెట్టింది, అది ఇక్కడ రాయను.

ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి స్కూలు వరండాలోకి వచ్చి నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఒక ఉత్తరం.

"పోస్టాఫీసు కాడ సెప్పినారు సారూ. ఈడ అన్ని బాసలొచ్చిన అయ్యోరు ఒకాయన ఉండాడని."

పోస్టాఫీసు వాళ్ళు ఎగతాళికే అన్నారని ఇప్పుడు తెలుసు. ఆరోజు మాత్రం ఆ మాట నేరుగా వెళ్ళి నా గుండెలో కూర్చుంది. ఉత్తరం అందుకున్నాను. ఒక్క అక్షరం తెలియలేదు.

ఆమె తాత కుప్పం వైపు నుంచి సిలోను తేయాకు తోటలకు పోయినవాడు. రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాక, మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ళను విడతలు విడతలుగా పడవెక్కించి ఇటు పంపారు. ఆమే, మొగుడూ అట్లా వచ్చారు. మొగుడు కుప్పం దగ్గర రాళ్ళ క్వారీలో పని. ఆమె పుంగనూరులో ఆడబిడ్డ ఇంట్లో ఉంటూ చింతపండు కొట్టడానికి పోయేది. తల్లి ఆ విడతలో జబ్బుగా ఉండి రాలేక అక్కడే ఉండిపోయింది. తల్లికి చదువు రాదు. తోట దగ్గరి అంగడాయన సింహళీయుడు, ఆయన చేత రాయించి పంపుతుంది. కూతురికి సింహళం నోటికి నీళ్ళలాగా వచ్చు, అక్షరం రాదు.

"ఒక నెల టైమియ్యమ్మా, చదివి చెబుతా" అన్నాను.

"నెలా?" అని నవ్వింది. "సరే లే సారూ. మాయమ్మ ఇది రాపిచ్చేదానికే రెండు నెల్లు ఆయన అంగడి ముందర కూర్సోనుంటాది."

నెల కాదు, నెలన్నర పట్టింది. బెంగుళూరులో పాత పుస్తకాలు పరిచి అమ్మేచోట, ఇంగ్లీషులో రాసిన సింహళ వాచకం ఒకటి దొరికింది. అక్షరాలు పట్టుబడ్డాయి. మొదటి ఉత్తరం ఆమెకు వినిపించిన రోజు అర్థం తెలియకుండా నేను చదువుతుంటే, చదవడం తెలియకుండా ఆమె అర్థం చేసుకుంది. తల్లికి మోకాళ్ళ నొప్పులు. తోట కూలీల లైను ఇళ్ళలో తన ఇంటి పైకప్పు కారుతోంది. అంగడాయన కూతురికి పెళ్ళయింది. అంతే ఉత్తరం. ఆమె కళ్ళు తుడుచుకుని, నా ఉచ్చారణ గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది.

అంతటితో ఆగితే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. నాకు పుస్తకం రాయాలన్న బుద్ధి పుట్టింది. తెలుగువాళ్ళు సింహళం సులభంగా నేర్చుకోవడానికి ఒక పుస్తకం. చిత్తూరు జిల్లా రైతాంగం ఇలాంటి పుస్తకం కోసమే వేచి ఉన్నట్టు తెగ తొందరపడ్డాను. మదనపల్లెలో పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సాయనకు మొదటి ఆరు పాఠాలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది నేర్సుకోని మావోళ్ళు టమోటాలు ఎవరికి అమ్మాలప్పా?"

"జ్ఞానం కోసం" అన్నాను.

"ఓహో. అయితే అడ్వాన్సు కొంచెం ఎక్కువే ఇయ్యాల్సొస్తాది."

ఏడో పాఠం షరతులు, కోరికలు. నా దగ్గరున్న వాచకం దానికి రెండే పేజీలు కేటాయించింది. నిజానికి తెలుగువాడికి ఇది కష్టమైన పాఠమేం కాదు. మనం వస్తే, పోతే అంటాం. వాళ్ళు క్రియ చివర 'ఒత్' తగిలిస్తారు. 'ఆవొత్' అంటే వస్తే, 'గియొత్' అంటే పోతే. మన 'అయితే' లాగా 'నమ్' అని ఇంకొకటి ఉంది. దాని తర్వాత 'హొందయి', అంటే 'బాగు' అని చేరిస్తే కోరిక అవుతుంది. జరిగితే బాగుండు అన్నమాట. వాచకంలోని ఉదాహరణలు మాత్రం ప్రాణం లేనివి. వాన పడితే రోడ్డు తడుస్తుంది అట. నాకు బతికున్న వాక్యాలు కావాలి. అందుకని ఆదివారాలు నోటుపుస్తకం పట్టుకుని చింతపండు కొట్టే కొట్టంలోకి పోయి కూర్చునేవాణ్ణి.

అక్కడ పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రాతి మీద చింతకాయ పెట్టి సుత్తితో కొట్టి గింజ తీస్తుంటారు. ఆ చప్పుడులో నేను గొంతు పెంచి అడిగేవాణ్ణి.

"షరతు పెట్టి ఒక మాట చెప్పమ్మా."

"అమ్మా ఆవొత్ మట సతుటుయి."

అమ్మ వస్తే నాకు సంతోషం. రాసుకున్నాను.

"ఇంకొకటి."

"లియుమ గియొత్ అమ్మా ఎనవా."

కాగితం పోతే అమ్మ వస్తుంది. రాసుకున్నాను. పక్కన బ్రాకెట్లో 'చక్కటి ఉదాహరణ' అని కూడా రాసుకున్నాను.

"ఇప్పుడు అమ్మ కాకుండా వేరే ఏదన్నా చెప్పు. పాఠంలో వైవిధ్యం ఉండాల."

ఆమె సుత్తి ఆపి నావైపు చూసింది. "మహత్తయా లివ్వొత్" అని, మిగతాది చెప్పకుండా మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. అయ్యగారు రాస్తే. వాక్యం పూర్తి కాలేదని నేను పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

అయ్యగారు ఏం రాస్తే? అది ఆమె ఎప్పుడో తెలుగులోనే చెప్పింది. తల్లిని పిలిపించుకోవాలంటే, ఇక్కడ ఆమెను సాకే కూతురు ఉంది, ఉండడానికి ఇల్లుంది అని హామీ రాసి, ఆ దేశంలో ఉన్న మన ప్రభుత్వ ఆఫీసుకు ఇంగ్లీషులో అర్జీ పెట్టాలి. దాని మీద మా స్కూలు హెడ్మాస్టరు సంతకం ఒకటి చాలు. అరగంట పని. మొదట అడిగినప్పుడు, "దానికేముందమ్మా, వచ్చే ఆదివారం" అన్నాను. వచ్చే ఆదివారం నిషేధార్థక రూపాలు చూసుకుంటూ గడిపాను. ఆ తర్వాతి ఆదివారం మదనపల్లె ప్రెస్సుకు పోయాను. పరీక్షలయ్యాక అన్నాను, సెలవులయ్యాక అన్నాను, జ్వరం తగ్గాక అన్నాను. ఏడాది పైన అట్లా గడిచిపోయింది. షరతుల పాఠం రాసేవాడికి షరతులకు కొరత ఉండదు.

మా ఆవిడ ఒకసారి నిలదీసింది. "ఆ బిడ్డ మీకు ఆ మాటలన్నీ యాల సెప్తాందో తెలుసునా? మీ పాఠం కోసమనుకుంటాండారా?"

"రాస్తాలేవే. బాగా రాయాలని చూస్తున్నా."

"బాగా యాల? రాస్తే సాలదా?"

అసలు పాపం ఇంకా ముందుంది. ఒక ఆదివారం కొట్టంలో అందరి ముందూ ఆమె అడిగింది.

"సారూ, ఆ కాగితం పంపిచ్చినారా?"

సుత్తులన్నీ ఆగాయి. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఆయప్ప యాడ పంపుతాడు మే, నీ మాటలన్నీ మూటగట్టుకోని పోతాండాడు గానీ" అంది. అందరూ నవ్వారు. నా ముఖం మండిపోయింది.

"పోయిన వారమే పంపినా. రిజిస్టరు పోస్టులో" అన్నాను.

రేపే రాసి పంపేద్దాం, అప్పుడిది అబద్ధం కాకుండా పోతుంది అని లోపల లెక్క వేసుకున్నాను. ఆమె లేచి వచ్చి, గింజ తీసిన చింతపండు పెద్ద ముద్ద కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. నన్ను నవ్వుల పాలు చేసిన ముసలామె కూడా, "తప్పుగా అన్నాలే అయ్యోరా" అంది. చింతపండు ఇంటికి తెచ్చాను. చాలాకాలం ఆ చింతపండుతోనే చారు కాచుకుని తాగాం. చారు బాగుండేది. అర్జీ మాత్రం రేపటి నుంచి రేపటికి జరుగుతూ పోయింది. పంపానని చెప్పాక పంపాల్సిన తొందర ఇంకా తగ్గిపోయింది. ఇది నాలాంటివాళ్ళకే అర్థమయ్యే తర్కం.

పంపినట్టు తల్లికి ఉత్తరం కూడా ఆమె నా చేతే రాయించింది. 'కాగితం పంపాము.' నా సింహళ అక్షరాలు అప్పటికి గుండ్రంగా, ముచ్చటగా వస్తున్నాయి.

తర్వాత ఆమె మొగుడి దగ్గరికి కుప్పం వెళ్ళిపోయింది. ఉత్తరాలు మాత్రం స్కూలు పేరు మీద నాకే వచ్చేవి. ఒకటి వచ్చినప్పుడల్లా నేను కుప్పం పోయి చదివిపెట్టాలని ఏర్పాటు. ఎనభైల్లో సిలోనులో గొడవలు ముదురుతున్నాయని పేపర్లో చదువుతున్న రోజుల్లో ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి నాకు అర్థం కూడా తెలుస్తోంది. స్టాఫ్ రూములో ఒంటరిగా చదువుకున్నాను.

'కాగితం పంపామని రాశావు. ఆఫీసుకు మూడుసార్లు పోయాను. అట్లాంటిదేదీ రాలేదన్నారు. వాళ్ళే యాడన్నా పోగొట్టుంటారు. పడవలు ఇంక ఎక్కువ కాలం నడవవని అంగడాయన అంటాడు. రాసిన అయ్యవారికి పిన్ సిద్ధ వేవా.'

ఆ చివరి మాట ఒక దీవెన. మేలు చేసినవాళ్ళకు, నీకు పుణ్యం కలగాలి అని అక్కడివాళ్ళు చెప్పే మాట. కోరికల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నోటుపుస్తకం తీయలేదు. నాలో అంతమాత్రం సిగ్గు అప్పటికి మిగిలి ఉంది.

మరుసటి శనివారం పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఆమెకు అక్షరాలు రావు. ఆ నాలుగు మాటలు వదిలేసి మిగతాది చదివితే ఎవరికి తెలుస్తుంది? వదిలేసినచోట ఖాళీ వినిపించకుండా పెట్టడానికి సింహళంలో మూడు వాక్యాలు కూడా తయారుచేసుకున్నాను. మోకాళ్ళ నొప్పులు తగ్గాయట, వానలు బాగున్నాయట, ఆఫీసు వాళ్ళు చూస్తామన్నారట. వ్యాకరణపరంగా ఒక్క తప్పు లేదు.

క్వారీ పక్కన ఒకటే గది ఇల్లు. మొగుడు పనికి పోయి ఉన్నాడు. గదిలో కొత్త నులకమంచం ఒకటి గోడ పక్కన వేసి ఉంది. అలవాటుగా దాని మీద కూర్చోబోయాను.

"ఆడ వద్దు సారూ. అది అమ్మకు అల్లిచ్చింది. ఈ పీటమీద కూర్సోండి."

పీట మీద కూర్చున్నాను. ఉత్తరం విప్పాను. నేను తయారుచేసుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చదివాను, దీవెనతో సహా.

ఆమె మంచం మీది దుమ్ము కొంగుతో దులిపింది. తర్వాత, "వాళ్ళే పోగొట్టినారేమో" అంది.

తప్పించుకోవడానికి నాకు దొరికిన ఆఖరి సందు అదే. "లేదమ్మా. నేను పంపలేదు. అసలు రాయనే లేదు."

"ఆరోజు రిజిస్టరు అంటిరే."

"అబద్ధం చెప్పినా."

"యాల?"

అందరూ నవ్వారని, అన్నాను. నా గొంతు నాకే స్కూలు పిల్లవాడి గొంతులాగా వినిపించింది.

"నవ్వితే ఏమైతాది? నేనూ దినామూ నవ్వించుకుంటి, నా మాటలకు." ఆమె లేచి గూట్లోంచి పైదేశానికి పంపే ఏరోగ్రాము, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "రాయి. నేను సెప్పేది సెప్పినట్టు రాయి."

అంతవరకూ నన్ను మీరు అనేది.

ఆమె సింహళంలో చెప్పుకుంటూ పోయింది, నేను రాశాను. 'అమ్మా, కాగితం పోలేదు. ఆఫీసు వాళ్ళ తప్పు కాదు. రాస్తానన్న అయ్యవారు రాయలేదు. రాశానని బొరు చెప్పాడు.' అక్కడ ఆగాను.

"బొరు అంటే?"

"ఇందాక తెలుగులో నువ్వే సెప్పినావు కదా, అదే."

రాశాను. 'నేను నమ్మినాను. నామీద కోపం పెట్టుకోవద్దు. ఇప్పుడు పంపిస్తాము.' అంతా అయ్యాక చదివి వినిపించమంది. వినిపించాను. అంటించి, తీసుకుపోయి డబ్బాలో వేయడానికి నా చేతికివ్వలేదు. తనే పట్టుకుని బయల్దేరింది.

అర్జీ ఆరోజే కుప్పం స్టేషను దగ్గర ఒక టైపిస్టు పక్కన నిలబడి చెప్పి కొట్టించాను. సరిగ్గా అరగంట పట్టింది. సోమవారం సంతకం పెట్టించి పంపాను. దానికి జవాబు రాకముందే రామేశ్వరం పడవలు ఆగిపోయాయి. ఆమె అడిగిన రోజే నేను రాసి ఉంటే తల్లి ఎప్పుడో వచ్చి ఆ మంచం మీద పడుకునేది. ఇందులో నాకు సందేహం లేదు, ఎవరైనా ఓదార్చబోతే నేను ఒప్పుకోను. పుస్తకం ప్రెస్సు నుంచి వెనక్కి తెచ్చుకున్నాను. ప్రెస్సాయన పెద్దగా విచారించలేదు.

తల్లి ఆ తర్వాత కూడా ఉత్తరాలు రాయిస్తూనే ఉంది. నా ఊసు మళ్ళీ ఎత్తలేదు, దీవించీ లేదు, తిట్టీ లేదు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కుప్పం పోతాను, ఆ పీట మీద కూర్చుంటాను, చదువుతాను. ఆమె కూరగాయల బుట్ట ముందు పెట్టుకుని బీన్సు తుంచుతూ వింటుంది. అయిపోగానే అడుగుతుంది.

"అంతేనా? యాడన్నా వదిలిపెట్టినావా?"

"లేదమ్మా. అంతా చదివినా."

"ఇంకోసారి సదువు."

చదువుతాను.