ధాన్యం మీదకే పోనివ్వమన్న మాస్టారు

ఆదివారం పొద్దున్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో మాస్టారి ఫొటో కనబడింది. కింద అందరూ దండాలు పెడుతున్నారు. తొంభైకి దగ్గరపడిన మనిషి, కాఫీ తాగి, కూర్చున్న కుర్చీలోనే వెళ్ళిపోయారట. నిండుగా బతికారు, ఏడవాల్సిందేముంది అనుకుంటూనే కాసేపు ఏడ్చాను.

గణపవరం దగ్గర మా ఊళ్ళో ఆయన సోషల్ చెప్పేవారు. రిటైరయ్యాక కూడా పంచె ఎగగట్టి రోజూ సైకిలెక్కేవారు. నడక కంటే ఓ పిసరు వేగం, అంతే. ఆయన వెనక బయల్దేరితే పెళ్ళిభోజనం దక్కదని ఊరంతా వేళాకోళమాడేది. మలుపు తిరగాలంటే ముందు వెనక్కి చూసేవారు, చెయ్యి చాపేవారు, డ్రైవరు తనని చూశాడని తెలిశాకే తిరిగేవారు. దారిచ్చిన చేపల లారీకి ఒంటిచేత్తో నమస్కారం పెట్టేవారు. వాళ్ళకంత మర్యాదేంటండీ అని అడిగితే, "వాళ్ళూ ఇంటికెళ్ళి అన్నం తినాల్సినవాళ్ళేగా అమ్మా" అనేవారు.

నేను ఇంటర్లో ఉన్నప్పటి మాట. సార్వా కోతలయ్యాక మా వైపు తారురోడ్డులో సగం ధాన్యమే ఆరుతుంటుంది. చెప్పుకాలు గానీ బండిచక్రం గానీ గింజ మీద పడకూడదని మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నేర్పుతారు. ఆ భయంతోనే, ధాన్యం దగ్గరికి రాగానే కాలేజీకి తొక్కుకెళ్తున్న సైకిల్ని వెనకాముందూ చూడకుండా రోడ్డు మధ్యకి తిప్పేశాను. వెనకాలే చేపల లారీ. ఆ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు గనకే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ ధాన్యం మాదే. అక్కడే ఉన్న నాన్న అంతా చూశారు.

సాయంత్రానికి నా సైకిలు అటకెక్కింది. కాలేజీ టైముకి బస్సు లేదు, నాన్నకి దింపే తీరిక లేదు. ఇక చదువు ఆగినట్టే. అమ్మ నచ్చజెప్పబోతే, పిల్ల కళ్ళెదుట ఉంటే చాలు, చదువు లేకపోయినా ఫర్వాలేదన్నారు నాన్న.

ఎవరు చెప్పారో, మర్నాడు మాస్టారు వచ్చారు. ఒక్క వారం సైకిలు మీద తనతో పంపమని, తరవాత నీ ఇష్టమని నాన్నతో అన్నారు. నాన్న కూడా ఆయన దగ్గర చదువుకున్నవారే, కాదనలేకపోయారు. ఆ వారమంతా మాస్టారు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. మరీ రోడ్డంచుకి అతుక్కుపోవద్దు, వంకరలు తిరగొద్దు, లారీ పక్కన ఇరుక్కోవద్దు. ధాన్యానికి ముందే నెమ్మది చేసి వెనక్కి చూడు, దారిస్తే రోడ్డు మధ్యకి తిరుగు. ఇవ్వకపోతేనండీ అని అడిగాను.

"ధాన్యం మీదకే పోనివ్వు తల్లీ. బ్రేకు గట్టిగా నొక్కకు, హ్యాండిల్ తిప్పకు. లక్ష్మీదేవికి నేను చెప్పుకుంటాను."

ఏనాడూ సంధ్యావందనం మానని మనిషి ఆ మాటన్నారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఆటోల మధ్య ఆఫీసుకి సైకిలు తొక్కుతున్నా నాకు ఆయన గొంతే వినబడుతుంది.

వారం చివర నన్ను ముందు వెళ్ళమని ఆయన వెనకాల వచ్చారు. నాన్న మా ధాన్యం దగ్గరే నిలబడి ఉన్నారు. వెనక్కి చూశాను, లారీ వస్తోంది. చెయ్యి చాపాను. ఆగేలా లేదు. ఎదురుగా నాన్న, కిందేమో ఆయన ఆరుగాలం కష్టం. మనసులోనే లెంపలేసుకుని సైకిలు తిన్నగా గింజల్లోకి పోనిచ్చాను. లారీ పక్కనుంచి వెళ్ళిపోయింది. అవతలికెళ్ళి దిగాక నవ్వు ఆగలేదు.

నాన్న తిడతారనుకున్నాను. ఆయన మాస్టారి వైపు తిరిగారు.

"రేపు అమ్మాయి కాలేజీకి బయల్దేరేలోగా ఈ ధాన్యం ఇంకాస్త పక్కకి లాగేస్తానండీ మాస్టారూ" అన్నారు.

మాస్టారు తలూపి సైకిలు స్టాండు వేశారు. చెప్పులు విడిచి, నా చక్రం గీసిన చారని పాదాలతో మెల్లగా కప్పుకుంటూ నడిచారు. అవతలి కొస నుంచి నాన్న మొదలుపెట్టారు.