గుడ్ల మీది ఉల్లంకి

మక్తల్ దగ్గర ఒక బడిలో సైన్సు పంతులుగా చేరిన కొత్త. నా నౌకరీ ఇంకా టెంపరరీ. ఇన్‌స్పెక్టరు వచ్చి నాలుగు మంచి మాటలు రాస్తేనే పర్మనెంటు, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. ఆయన కంట్లో పడాలని మా చెరువు పిట్టల పటం ఒకటి గీశాను.

అందులో ఉల్లంకి జంట మీద నాకు తగని గర్వం. పొడుగు ముక్కు, కంటి చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు తెల్లని గీత, బురదలో తిరిగే పిట్ట. ఒకదాని మెడ ముదురు ఎరుపు, రెండోది ఉత్త మట్టిరంగు. ఎర్రదాని కింద మగ అని, మట్టిరంగు దాని కింద ఆడ అని కాగితం ముక్కలు అంటించాను. కాలేజీలో చదివినవాణ్ణి కదా, ఆలోచించడం దేనికి?

పటం చూసి మా ఆవిడ నవ్వింది. ఆ ఊళ్లోనే పుట్టి, వాళ్ల బాపు మడిలో ఏటా నాట్లు వేసే మనిషి.

"ఉల్టా రాసినవు. గుడ్లు పెట్టేది ఎర్రది. పెట్టి దాని తోవల అది పోతది. పొదిగేది గీ మట్టిరంగుదే, మగది."

నాట్లేసే ఆడవాళ్లు దాని గూడున్న తుంగను పీకకుండా చుట్టూ జాగా వదులుతారట. నాకు ఒళ్లు మండింది. నాకే సైన్సు చెబుతుందా? ఆమె తప్పు పట్టుకోవాలని రోజూ పొద్దున్నే గట్టు మీద కాపు కాశాను. ఎర్రది వచ్చి కూర్చుని లేచినప్పుడల్లా గూట్లో ఒక గుడ్డు ఎక్కువ కనిపించేది. నాలుగోది పెట్టాక అది మళ్లీ అటు తొంగి కూడా చూడలేదు. మట్టిరంగుది గుడ్ల మీద కూర్చుంది, ఎండకూ వానకూ కదల్లేదు. నోరు మూసుకుని కాగితాలు మార్చాను.

ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు పెద్దమనిషి. పటం ముందు ఆగి, "తిరగేసి రాశారు మాస్టారూ. నెమలిని చూడండి, కోడిపుంజును చూడండి. అందం ఎప్పుడూ మగదానిదేనండీ," అని మీసం దువ్వుకున్నాడు. ఆయన అందం సంగతి నేను రాయను. కళ్లారా చూశానండీ అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన చేతిలో కలం కూడా కనిపించింది. చిత్తమని, పిల్లలందరి ముందే కాగితాలు పీకి అటుది ఇటు, ఇటుది అటు అంటించాను. నా సైన్సు బోధన బ్రహ్మాండమని రాసి వెళ్లాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఇంకా నాటు నుంచి రాలేదు. పక్కింటి అవ్వ దగ్గరున్న మా పసిపిల్లను తెచ్చి పడుకోబెట్టి తొట్టెల ఊపుతూ కూర్చున్నాను. ఆమె బురదకాళ్లతో గడప దాటగానే నౌకరీకి ఇక ఫికర్ లేదని చెప్పాను. సంబరపడింది. తర్వాత పటం చూసి ఏమన్నాడని అడిగింది. చెప్పక తప్పలేదు.

తొట్టెల వైపు చూసింది, నా వైపు చూసింది.

"అన్ని దినాలు గుడ్ల మీద గూసున్నోని పేరు గూడ తీసేసినవా?"

సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. తొట్టెల ఊపుతూనే ఉన్నాను.