రెండో పంక్తి భోజనం

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఇల్లు కట్టేవాళ్లకూ, పాత గోడ గీకి కొత్త రంగు వేయించేవాళ్లకూ యోగానంద్ రంగుల అంగడి తెలియకుండా ఉండదు. గోడ పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి అదే రంగు కలిపి ఇచ్చేవాడు. రంగు కలిపే మెషిను చెప్పేదాని కంటే అతని కన్ను చెప్పేదే సరిగ్గా ఉంటుందని పెయింటర్ల నమ్మకం. అంగట్లో తమిళం, ఇంట్లో తెలుగు. తాతల తాతలనాడు వచ్చి స్థిరపడిన కుటుంబం. తెలుగు చదవడం అతనికీ రాదు, అతని తల్లికీ రాదు. మాట మాత్రం మిగిలింది.

పనులు ముగించుకుని మేస్త్రీలు అంగడికి వచ్చేది సాయంత్రం ఆరు దాటాకే. అందుకని తొమ్మిదింటి దాకా అతను కదలడానికి ఉండేది కాదు. భార్య అభినయ తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేది. బస్సు దిగి ఆమె ఇల్లు చేరేసరికి ఏడున్నర. కాబట్టి ఐదేళ్ల నివేదితకూ, రెండున్నరేళ్ల ముకుందన్‌కూ రాత్రి అన్నం పెట్టేది అతని తల్లి అమృతవల్లే. ఆరూముక్కాలుకు ఆమె కంచం పట్టుకుని వాకిట్లో కూర్చుంటే ఏడుంబావుకు కంచం ఖాళీ. ఏడున్నరకు ఇద్దరూ నిద్ర. పిల్లలు రాత్రి పూట ఎలా తింటారో యోగానంద్ ఎప్పుడూ చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. ఆదివారం అంగడి లేకపోయినా అంగళ్లవాళ్ల సంఘం మీటింగో, ఎవరింట్లోనో విందో ఉండేది.

ఆ ఏడు అతని అంగట్లో రంగు బాగా అమ్ముడుపోయిందని కంపెనీవాళ్లు మూడు రాత్రుల ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. ఓడ చెన్నైలో బయలుదేరి, రెండో రోజంతా పుదుచ్చేరి ఎదురుగా సముద్రంలో ఆగి, మళ్లీ చెన్నై చేరుతుంది. భార్యాభర్తలకూ పిల్లలకూ మాత్రమే చోటు. ఉన్నా తాను నీళ్ల మీదికి వచ్చేదాన్ని కాదని అమృతవల్లి చెప్పింది. పిల్లలకు ఏ వేళకు ఏం పెట్టాలో కోడలికి రెండుసార్లు అప్పజెప్పింది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు యోగానంద్ పెట్టెకు తాళం వేస్తున్నాడు.

మొదటి రోజు సాయంత్రం ఓడ కదిలిన గంటకే అభినయకు కడుపులో తిప్పడం మొదలైంది. ఆరింటికల్లా ఆమె మంచం మీద నుంచి తల ఎత్తలేకపోయింది. డాక్టరు మాత్ర ఇచ్చి పడుకోబెట్టాడు. కిటికీ కూడా లేని చిన్న గది. పిల్లలు మంచం ఎక్కి గంతులేస్తుంటే ఆమె కళ్లు మూసుకుని, వాళ్లను బయటికి తీసుకుపొమ్మని చేత్తో సైగ చేసింది. అలా ఆ రాత్రి భోజనం యోగానంద్ మీద పడింది.

ఓడలో భోజనం రెండు పంక్తులు. మొదటిది ఆరున్నరకు, రెండోది ఎనిమిదీముక్కాలుకు. రంగుల అంగళ్లవాళ్లందరినీ రెండో పంక్తిలో వేశారు. తిండికి ముందు కంపెనీ పెద్దల ఉపన్యాసాలు ఉంటాయి మరి. యోగానంద్ వెళ్లి తమిళ్‌సెల్వన్‌ను పట్టుకున్నాడు. అతను కంపెనీ తరఫున పుదుచ్చేరి అంగళ్లు చూసే ఆఫీసరు, మంచివాడు. అప్పుడే పోయి అడిగి వచ్చి, మొదటి పంక్తిలో ఒక్క కుర్చీ కూడా లేదన్నారని చెప్పాడు. ఒక్కపూటకు ఏదో ఒకటి సర్దుకోండి సార్ అని భుజం తట్టాడు. అతనికి పెళ్లి కాలేదు.

పై అంతస్తులో ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకునే హాలు ఐదింటికే మూసేశారు. ఎనిమిదిన్నరకు గానీ తెరవరు. మధ్యలో దొరికేవి ఈతకొలను పక్కన కౌంటర్లో అమ్మే పిజ్జా, చిప్స్, ఐస్‌క్రీం. పిజ్జా ముక్క ఇస్తే నివేదిత పైనున్న మిరపకాయలన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలిన రొట్టె కూడా కారంగానే ఉందని వదిలేసింది. ముకుందన్ ఐస్‌క్రీం సగం తిని, సగం చొక్కా మీద పోసుకున్నాడు. తర్వాత "బువ్వ" అన్నాడు. కొంచెంసేపు ఆగాలని చెప్తే మళ్లీ "బువ్వ" అన్నాడు. ఏడున్నరకు మెట్ల మీదే తండ్రి కాళ్లను పట్టుకుని నిద్రపోయాడు.

నివేదితను నిద్రపోనివ్వకుండా కబుర్లు చెప్తూ, కొడుకును భుజాన వేసుకుని, యోగానంద్ ఎనిమిదీముక్కాలు దాకా ఓడంతా తిరిగాడు. ఉపన్యాసాలు అయ్యాక తొమ్మిదిన్నరకు సూపు వచ్చింది. అన్నం వచ్చేసరికి నివేదిత బల్ల మీద తల వాల్చేసింది. లేపితే ఏడ్చింది. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. అర్ధరాత్రి దాటాక ముకుందన్ ఆకలితో లేచి గది దద్దరిల్లేట్టు ఏడ్చాడు. అభినయ లేవబోయి గోడ పట్టుకుని మళ్లీ కూలబడింది. పెట్టెలోంచి రెండు బిస్కెట్లు తీసి నీళ్లలో నాన్చి యోగానంద్ వాడి నోట్లో పెట్టాడు.

రెండో రోజు తెలివిగా నడుచుకుందామనుకున్నాడు. మధ్యాహ్నం భోజనంలో తెల్లన్నం, పెరుగు ఉన్నాయి. అభినయ తెచ్చిన డబ్బాలో కొంచెం పెట్టుకుపోబోతే వడ్డించే దేవరాజన్ ఆపాడు. పుదుచ్చేరి పక్క విలియనూరు మనిషి, మాటలో యాస వినగానే యోగానంద్ గుర్తుపట్టాడు. ఇక్కడి తిండి బయటికి తీసుకుపోనివ్వరని, పైవాళ్లు చూస్తే తన ఉద్యోగం పోతుందని అతను మెల్లగా చెప్పాడు. తన ఇంట్లోనూ ఇద్దరు పిల్లలున్నారన్నాడు. యోగానంద్ ఖాళీ డబ్బాకు మళ్లీ మూత పెట్టేశాడు.

సరే, పిల్లల్ని మధ్యాహ్నం బాగా నిద్రపుచ్చితే రాత్రి మేలుకుంటారు కదా అనుకున్నాడు. నివేదిత పడుకుంది. ముకుందన్ ఒక్క రెప్ప వాల్చలేదు. గదికి పంపే అన్నం ఫ్రైడ్‌రైసు ఒక్కటే అన్నారు. నాలుగింటికి ఫోన్ చేస్తే ఐదింటికి వచ్చింది. ఒక్క ముద్ద పెట్టగానే మిరియాల కారానికి ఇద్దరూ నాలుకలు బయటపెట్టారు.

ఆ రోజు సాయంత్రం పడవల్లో ఒడ్డుకు చేర్చి ఊరు చూపిస్తామన్నారు. అలలు ఎక్కువగా ఉన్నాయని, పడవలు దింపడం లేదని మైకులో చెప్పేశారు. తక్కినవాళ్లు కొంచెం గొణుక్కుని పేకాటకు కూర్చున్నారు. యోగానంద్ మాత్రం ఆ పడవ మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు. ఒడ్డు చేరితే ఆటోలో పది నిమిషాల్లో ఇల్లు. పిల్లలకు తల్లి చేత అన్నం పెట్టించి మళ్లీ ఎక్కించుకు రావచ్చని ఎవరికీ చెప్పకుండా లెక్క వేసుకున్నాడు.

ఆరున్నరకు పిల్లలిద్దరితో పైకి వచ్చి కమ్మీల దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ఊళ్లో లైట్లు వెలుగుతున్నాయి. బీచి రోడ్డు వరసగా, దాని చివర దీపస్తంభం, ఎడమవైపు హార్బరు. తాను పుట్టి పెరిగిన ఊరిని సముద్రంలోంచి చూడడం అదే మొదటిసారి. దాని రంగు ఇదీ అని చెప్పలేకపోయాడు. నివేదిత మన ఇల్లు యాడుందని అడిగింది. అతను కుడివైపు చీకటిలోకి వేలు చూపించాడు.

అప్పుడే ఫోన్‌కు ఒడ్డు సిగ్నలు అంది, వెంటనే మోగింది. అమృతవల్లి.

"పిల్లకాయలు తిన్నారా యోగా?"

"తిన్నారమ్మా," అన్నాడు.

నివేదిత ఫోన్ లాక్కుంది. "లేదవ్వా. అప్పా అబద్ధం చెప్తా ఉండాడు. తమ్ముడు నిన్న కూడా తినలా."

అమృతవల్లి కోడలు ఏదని అడిగింది. లేవలేకుండా ఉందని చెప్పాడు. ఓడ కనబడేంత దగ్గర్లో ఉంటే పిల్లల్ని ఇంటికి ఎందుకు పిలుచుకొని రాలేదని అడిగింది. పడవలు దింపలేదని చెప్తే ఆమెకు అర్థమైందో లేదో అతనికి తెలియలేదు. చివరకు ఆమె అంది:

"నీ కాడ ఏముండాదో అది చేత్తో పట్టుకో. ఫోను పెద్దగా పెట్టు. నేను కత చెప్తా, నువ్వు నోట్లో పెట్టు."

యోగానంద్ పరుగున కౌంటరుకు పోయి, అక్కడి పనివాళ్లు తమ కోసం దాచుకున్న ఒక బన్ను, ఒక కప్పు పెరుగు అడిగి తెచ్చాడు. నేల మీదే కూర్చుని బన్ను తుంచి పెరుగులో ముంచాడు. ఫోన్‌లోంచి తల్లి గొంతు వచ్చింది. ఒక కోడి సంతకు పోతూ పోతూ కాలి గజ్జె పోగొట్టుకుంది. దారిలో ఎద్దు ఎదురైతే, ఎద్దన్నా ఎద్దన్నా, నా గజ్జె చూస్తివా అని అడిగింది. చూడలేదు, ఒక ముద్ద తిని ముందుకు పో అంది ఎద్దు. ముకుందన్ నోరు తెరిచాడు. అతను ముద్ద పెట్టాడు. చాకలాయన ఎదురైతే నివేదిత నోరు తెరిచింది. పీత ఎదురైతే మళ్లీ ముకుందన్. ఎవరు ఎదురైనా ఒక ముద్ద. ఇదా ఆ అరగంట రహస్యం అని యోగానంద్ ఆశ్చర్యపోయాడు.

కాళ్ల కింద నేల అదిరింది. ఓడ కదిలింది. ఊరి లైట్లు మెల్లగా పక్కకు జరిగాయి. తల్లి గొంతు రెండు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది. అతను మళ్లీ మళ్లీ నంబరు నొక్కాడు. ఏమీ పలకలేదు.

ముకుందన్ ఫోన్ వైపు చూస్తూ నోరు తెరుచుకునే కూర్చున్నాడు.

"తర్వాత ఎవరొస్తారు?" అని యోగానంద్ కూతుర్ని అడిగాడు.

"నీకు తెలీదా?" అంది నివేదిత.

తెలియదు. తోచినట్టు చెప్దామని కోడికి ఒక పెయింటరు ఎదురయ్యాడన్నాడు. ముకుందన్ తల అడ్డంగా ఊపి మూతి బిగించాడు. నివేదిత మేక వస్తాదని దిద్దింది. అతను మేకన్నా మేకన్నా అన్నాడు గానీ ఆ రాగం అతనికి చేత కాలేదు. ముకుందన్ కప్పును చేత్తో తోసేశాడు. పెరుగు నేల మీద ఒలికింది. ఆ తర్వాత గంటసేపు వాడు ఏడుస్తూ అవ్వ కావాలన్నాడు. చుట్టుపక్కల ఊరి లైటు ఒక్కటీ లేదు.

మూడో రాత్రి బహుమతుల సభ. అభినయ కొంచెం తేరుకుని మజ్జిగ తాగింది. పిల్లల్ని చూసుకునే ఓపిక ఇంకా రాలేదు గానీ అతన్ని మాత్రం వెళ్లమంది. ఇన్నేళ్ల కష్టానికి పిలిచి ఇస్తుంటే గదిలో కూర్చోవద్దని బతిమాలింది. తొమ్మిదింబావుకు అతని పేరు పిలిచినప్పుడు నివేదిత రెండు కుర్చీల మీద నిద్రపోతోంది. ముకుందన్ అతని చంకలో వెక్కుతున్నాడు. అలాగే వేదిక ఎక్కాడు. కంపెనీ పెద్ద బహుమతిని అతని రెండో చేతిలో పెట్టి తన చేయి చాపితే కలపడానికి అతనికి చేయి ఖాళీ లేదు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఫోటోలో కొడుకు ఏడుపు మొహం, తన ఎర్రటి కళ్లు పడ్డాయి.

దిగి వచ్చేసరికి బల్ల మీద ఒక చిన్న గిన్నె ఉంది. ఎవరూ అడగకుండానే దేవరాజన్ వంటవాళ్ల చేత కారం లేకుండా మెత్తగా పెరుగన్నం కలిపించి తెచ్చి పెట్టాడు. ముందే తేవాలనుకున్నానని, సభ అయ్యేదాకా వంటింట్లోంచి ఏదీ బయటికి పంపలేదని చెప్పాడు. అప్పటికి ముకుందన్ కూడా భుజం మీద నిద్రపోయాడు. యోగానంద్ వాణ్ని లేపుదామా వద్దా అని చాలాసేపు గిన్నె వైపు చూశాడు. లేపలేదు. దేవరాజన్‌కు బాధ కలగకుండా తానే నాలుగు ముద్దలు తిన్నాడు.

సోమవారం సాయంత్రం ఇల్లు చేరారు. అమృతవల్లి ఆరూముక్కాలుకు కంచం పట్టుకుని కూర్చుంది. యోగానంద్ గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు. మేక తర్వాత పాలమ్మే ఆమె, ఆమె తర్వాత బస్సు కండక్టరు. కోడికి గజ్జె దొరకదు. రేపు వెతుకుదామని ఇంటికి పోతుంది.

ఆ వారం రెండు రోజులు ఆరింటికే అంగడి పనివాడికి అప్పజెప్పి వచ్చి చూశాడు. కలిపిన రంగు తేడా వచ్చిందని పెయింటర్లు ఇంటికే వచ్చి పిలిచారు. మూడో రోజు నుంచి మానుకున్నాడు. ఆదివారం మాత్రం సంఘం మీటింగుకు పోలేదు. తల్లి కావాలనే వెనక వంటింట్లో ఉండిపోయింది. అతను చారన్నం మెత్తగా పిసికి, కోడి సంతకు పోతా ఉంటే ఎద్దు ఎదురైందని మొదలుపెట్టాడు. నివేదిత తినింది. ముకుందన్ రెండు ముద్దలు తిని, తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, లేచి వంటింటి వైపు నడిచాడు.

యోగానంద్ వాణ్ని ఆపలేదు. కంచం పట్టుకుని తానూ వెనకే వెళ్లాడు.