మెరకింటి ముందర మొరాయించిన లారీ

పరంధామయ్యది బంగారుపాళ్యం. మా ఎదురిల్లే. పాతికేళ్లుగా లారీ తప్ప వేరే బతుకు తెలియని మనిషి. పలమనేరు పక్క పల్లెల్లో చామంతులు ఎత్తుకొని తిరుచానూరులో దింపి వస్తాడు. పూలబండికి టైము తప్పకూడదు. ఎండెక్కినాక వచ్చిన పూలను అంగడివాళ్లు ముట్టుకోరు. అందుకే కోడి కూసే యాళకు ఆయన బండి ఊరు దాటేది.

పోయిన దసరాకు వాళ్లు సొంతింట్లో చేరినారు. ఆ స్థలం ఆయన భార్య వసంతమ్మ ఎంచింది. రోడ్డుకంటే బాగా మెరక మీద ఉండాది. వానొస్తే పాతింట్లోకి నీళ్లు వచ్చేవి. చీపురుతో తోసీ తోసీ విసిగిపోయిన మనిషి కాబట్టి, మెరకైతేనే ఇల్లు కట్టుకుందామని పట్టుబట్టింది. లారీ నిలుపుకునేదానికి ఇంటి ముందర వాలుగా సిమెంటు పోయించినారు.

కార్తీకంలో చలి మొదలైంది. ఒక తెల్లవారుజామున పరంధామయ్య సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. కొట్టగా కొట్టగా తెల్లపొగ కక్కి, గడగడమని ఊగి, ఎట్లనో స్టార్టయింది. చలికేలే అనుకున్నాడు. మర్నాడూ అదే కథ. బ్యాటరీ మార్చినాడు. తర్వాత హీటర్ ప్లగ్గులు మార్చినాడు. డీజిల్ ఫిల్టరూ మార్చినాడు. పొద్దున బండి తీరు మాత్రం మారలేదు.

మెకానిక్ అమర్‌నాథ్ షెడ్డుకు తీసుకుపోతే అక్కడ తాళం తిప్పీ తిప్పకనే స్టార్టయ్యేది.

"బండి బాగానే ఉండాది గదన్నా" అనేవాడు అమర్‌నాథ్.

పరంధామయ్య బండి తిప్పుకొని ఇంటికొచ్చేవాడు.

అంతకంటే వింత ఇంకొకటి. లోడు తొందరగా ఎత్తాల్సి వస్తే ఆయన పలమనేరులో పూల షెడ్డు దగ్గరే పడుకుంటాడు. అక్కడ చలి మా ఊరికంటే ఎక్కువ. పొద్దున మంచుకు అద్దంలోంచి ఏమీ కనబడదు. ఒకనాడు అట్లాంటి చోట బండి ఒక్క దెబ్బకే అందుకునింది. ఆ రోజు తిరుచానూరు దాకా ఆయన బుర్రలో అదే తిరిగిందంట. చలి తక్కువున్న చోట మొరాయిస్తాది, ఎక్కువున్న చోట పలుకుతాది. ఏం బండి ఇది?

ఇంతలో ఆయన అక్క శకుంతలమ్మ చూడవచ్చింది. సంగతంతా విని, "ఇల్లు మారినంకనే గదరా ఇదంతా? ఈ ఇల్లు మీకు అచ్చిరాలేదు" అనేసింది. వంటింట్లో వసంతమ్మ వినింది.

తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల్లో ఒక పొద్దున బండి అసలుకే కదల్లేదు. పలమనేరులో కోసిపెట్టిన పూలు ఇంకెవరి బండిలోనో పోయినాయి. పరంధామయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకొని అట్లే కూర్చున్నాడు. వసంతమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది.

"ఇల్లు బాడిగకిచ్చి పాతింటికే పోదామా?" అనింది.

తాను కోరి కట్టుకున్న ఇల్లు. ఆ మాట ఆమె నోటెంటనే వచ్చింది. వద్దని చెప్పాలని ఆయనకు ఉండాది, కానీ తనకే నమ్మకం లేదు. శకునాలు నమ్మే మనిషి కాడు. అయినా కళ్ల ముందర కనబడేదాన్ని ఎట్ల కాదనేది?

"ఒక్క తూరి ఇంటికొచ్చి పొద్దున్నే సూడప్పా" అని అమర్‌నాథ్‌ను అడుక్కున్నాడు.

మర్నాడు మసకచీకట్లోనే అమర్‌నాథ్ తలకు మఫ్లర్ చుట్టుకొని వచ్చినాడు. ఇంజను ముట్టుకోలేదు. కొంచేపు లారీని, వాలును చూసినాడు.

"దినామూ ఇట్లనే పెడతావా, మూతి పైకి?"

"ఇంకెట్ల పెట్టేది? రివర్సులో ఎక్కిస్తే గోడ తగుల్తాది."

"పలమనేరులో?"

"ఆడ మూతి పల్లానికి ఉంటాది."

అమర్‌నాథ్ ఫిల్టరు పక్కనుండే, డీజిల్ ఎక్కించే చిన్న చేతిపంపు నొక్కినాడు. ఏమీ లేనట్లు మెత్తగా లోపలికి పోయింది. నొక్కగా నొక్కగా గట్టిపడింది. అప్పుడు సెల్ఫ్ కొట్టమన్నాడు. వెంటనే అందుకునింది.

"రాత్రంతా డీజిల్ వెనక్కి జారి ట్యాంకులోకి పోతా ఉండాదన్నా. ఇంజను పైన, ట్యాంకు కింద. పొద్దున పైపులో ఉండేది గాలే."

"అయితే వాలుదే తప్పు."

"వాలు ఒకటే కాదు. పైపులు బిగువుగా ఉంటే ఎట్ల పెట్టినా డీజిల్ నిలుస్తాది. యాడో గాలి దూరుతోంది."

నడిమధ్యలో పైపు ఊడదీసి, లోపల కనబడే ప్లాస్టిక్ గొట్టం తగిలించినాడు. డీజిల్‌లో సన్న బుడగలు పోతా ఉండాయి. వెతుక్కుంటా పోతే ట్యాంకు దగ్గర రబ్బరు పైపు, క్లిప్పు కింద పగిలి ఉండాది. పైకి తెలిసేది కాదు. చలికి రబ్బరు బిగుసుకుంటే సందు ఇచ్చేది. ఇంజను వేడి మీద ఉంటే ఆ కాస్త గాలి లెక్కలోకి వచ్చేది కాదు. కొత్త పైపు వేసి పోయినాడు.

వసంతమ్మ అంతా వాకిట్లో నిలబడి వినింది.

"అయితే తప్పు ఇంటిదా, బండిదా?"

పరంధామయ్య పగిలిన పైపును చేతిలో తిప్పి చూసినాడు. "పైపు బాగుంటే వాలు ఏమీ చేసేది కాదు. వాలు లేకుంటే పైపు పోయిందని తెలిసేదే కాదు."

"అంటే ఎవురిది?"

"నాకూ సరిగ్గా తెలీలేదు మే."

"మీ అక్క అడిగితే ఏం చెప్తావు?"

"పైపు పోయిందని చెప్తా. అంతే."

ఆమె ముఖం తేటపడింది. బాడిగ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు చలి ఇంకా గట్టిగా ఉండాది. మూతి పైకే పెట్టిన బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. పరంధామయ్యకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. బండి ఆడతా ఉండగానే దిగి, సెల్‌ఫోను లైటు వేసి ట్యాంకు కింద పైపును ముట్టి చూసినాడు. తడి లేదు. లేచి, మళ్లీ వంగి చూసినాడు.

"ఇంక పో" అనింది వసంతమ్మ తలుపు దగ్గరినుంచి. "ఆడ పూలు వాడిపోతాయి."

ఆయన తల గోక్కుంటా బండెక్కినాడు.